లిండా వాళ్ళ నాన్న పాటలు

మొన్నామధ్య ప్రాజెక్టు పని మీద కొన్ని వారాలు ట్యూసన్ తిరగాల్సి వచ్చింది. మేముండే ఫీనిక్స్ నుంచి దక్షిణంగా రెండు గంటల ప్రయాణం. సోమవారం తెల్లారగట్ల బయల్దేరడం, గురువారం రాత్రికి ఇల్లు చేరడం. కన్సల్టెంటు బతుకు తెలిసినవాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు, తెలియనివాళ్ళు అదృష్టవంతులు. ఆ క్లయింటు ఆఫీసులో డేటాబేసులు చూసుకునే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మెక్సికన్ మూలాలవాడు, పుట్టి పెరిగింది ట్యూసన్‌లోనే. రిటైర్మెంటుకి ఏడాదో రెండేళ్ళో ఉందిట. నాకు శాకాహారం ఎక్కడ దొరుకుతుందో వెతికి మరీ తీసుకెళ్ళే బాధ్యత ఆయనే నెత్తినేసుకున్నాడు.

ఒకరోజు భోజనానికి వెళ్తుంటే ఆయన ట్రక్కులో పాట మొదలైంది. ముందు వయొలిన్లు, ఆ వెనకే రెండు ట్రంపెట్లు, తర్వాత ఒకావిడ గొంతు. గొంతంటే మామూలు గొంతు కాదు. కింద నుంచి నిండుగా లేచి, పైకెళ్ళాక టక్కున విరిగి సన్నగా అయిపోయి, ఆ సన్నదనంలోనే ఊపిరున్నంతసేపూ నిలబడింది. నేను మాటాపేసి వింటున్నాను. మెక్సికోలో పెద్ద గాయని అయ్యుంటుందనుకుని పేరడిగాను. "లిండా రాన్‌స్టాట్" అన్నాడు. జర్మన్ పేరులా ఉందే అన్నాను. జర్మన్ పేరేనన్నాడు. ఆవిడ ఈ ఊరమ్మాయేనన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ ఆల్బమ్ వచ్చినప్పుడు వాళ్ళమ్మ క్యాసెట్టు కొనుక్కుని, వంటింట్లో పెట్టుకుని, అరిగిపోయేదాకా విన్నదిట. చిన్నప్పుడు బళ్ళో స్పానిష్ మాట్లాడినందుకు దెబ్బలు తిన్న మనిషావిడ. అందుకే పిల్లలతో ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడిందిట. "నాకు స్పానిష్ అర్థమవుతుంది కానీ, జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది" అన్నాడాయన నవ్వుతూ. ఆ నవ్వు నాకెక్కడో తగిలింది. ఎందుకో చివర్లో చెప్తాను.

ఆ రాత్రి హోటల్లో కూర్చుని మొదలుపెట్టిన వెతుకులాట తర్వాత నెలరోజులు నడిచింది. ఆవిడ ఆత్మకథ చదివాను, డాక్యుమెంటరీలు చూశాను. దొరికినవన్నీ మీక్కూడా చెప్పాలనిపించింది.

ఆ ఆల్బమ్ పేరు "కాన్సియోనెస్ దె మి పాద్రె". అంటే "మా నాన్న పాటలు". 1987 నవంబరులో వచ్చింది. మొత్తం 13 పాటలు, ఒక్క ముక్క ఇంగ్లీషు లేదు. అమెరికాలోనే 20 లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది. ఈ దేశంలో ఇంగ్లీషు కాని భాషలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌గా ఏళ్ళ తరబడి దీని పేరే చెప్పుకున్నారు. పాడినావిడకి మాత్రం స్పానిష్‌లో ధారాళంగా మాట్లాడ్డం రాదు. ఆ సంగతి ఆవిడే ఒప్పుకుంది.

అమెరికన్ పాప్ గాయకులు స్పానిష్ ఆల్బమ్ చెయ్యడం అప్పటికి కొత్తేం కాదు. నాట్ కింగ్ కోల్ 1958లోనే "కోల్ ఎస్పన్యోల్" చేశాడు. వాద్యాలు హవానాలో రికార్డు చేశారు. ఆయనకి స్పానిష్ రాదు. మాటల్ని చప్పుళ్ళుగా బట్టీపట్టి పాడాడు. ఉచ్చారణ అక్కడక్కడా కాలు జారింది. అయినా లాటిన్ అమెరికా మొత్తం ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. 1962 కల్లా అలాంటివి ఇంకో రెండు ఆల్బమ్‌లు కూడా చేశాడు. (వాంగ్ కర్-వై తీసిన "ఇన్ ద మూడ్ ఫర్ లవ్" చూసినవాళ్ళు ఆయన స్పానిష్ పాటలు విన్నట్టే.) మనకీ ఇలాంటి ముచ్చటుంది కదా. 1969లో "భలే తమ్ముడు"లో రామారావుకి రఫీ పాడాడు. 1976లో "ఆరాధన"కీ పాడాడు. ఆ తెలుగులో హిందీ యాస ఉందని అందరికీ తెలుసు, ఎవరికీ అడ్డు రాలేదు. అటువైపు నుంచి చూస్తే, 1981లో "ఏక్ దూజే కే లియే"కి హిందీలో పాడి బాలు జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. 1964లో ట్రియో లోస్ పాంచోస్‌తో కలిసి ఎయిడీ గోర్మే చేసిన ఆల్బమ్ సంగతి వేరు. ఆవిడది స్పెయిన్ నుంచి ఎప్పుడో వెళ్ళగొట్టబడ్డ యూదుల సంతతి. ఆ భాష ఇంట్లోనే ఉంది.

లిండా కథ కోల్ కథా కాదు, గోర్మే కథా కాదు. కోల్‌కి ఆ భాష పరాయిది. గోర్మేకి అది చేతిలో ఉన్నది. లిండాకి సొంతమే, కానీ చెయ్యి జారిపోయింది. జారిపోతూ పోతూ పాటల్ని మాత్రం ఆవిడ దగ్గర వదిలేసి వెళ్ళింది.

కొంచెం వెనక్కి వెళ్తే గానీ ఇది అర్థం కాదు. ట్యూసన్ ఒకప్పుడు మెక్సికోది. 1848 ఒప్పందంలో ఉత్తర భాగమంతా అమెరికాకి పోయినా ట్యూసన్ మెక్సికోలోనే మిగిలింది. తర్వాత గాడ్స్‌డెన్ కొనుగోలు పేరుతో కోటి డాలర్లకి దక్షిణ అరిజోనాని అమెరికా కొనుక్కుంది. అది 1854లో ఖరారైంది. అంతకుముందు ఒకే ప్రాంతంగా ఉన్న సొనోరా మధ్యలో గీత పడింది. "మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అని ఇక్కడి పాత మెక్సికన్ కుటుంబాలవాళ్ళు అంటుంటారు. హోసూరు, బళ్ళారి, బరంపురం తెలుగువాళ్ళకి ఈ మాట విప్పి చెప్పక్కర్లేదనుకుంటా.

లిండా ముత్తాత జర్మనీ నుంచి మెక్సికో వచ్చిన ఇంజినీరు. అక్కడే స్థిరపడ్డాడు. ఆయన కొడుకు ఫెడెరికో 1868లో సొనోరాలో పుట్టాడు. 14 ఏళ్ళ వయసులో, 1882లో, బళ్ళు తయారుచేసే పని నేర్చుకోవడానికి ట్యూసన్ వచ్చాడు. నేర్చుకున్నాడు, సొంత దుకాణం పెట్టాడు. గుర్రబ్బళ్ళు చేసి గీతకి రెండువైపులా అమ్మాడు. కాలం మారాక అదే పెద్ద హార్డ్‌వేర్ కొట్టయింది. ఈయనకి ఇంకో పిచ్చి ఉంది, సంగీతం. 1880ల చివర్లో "క్లబ్ ఫిలార్మోనికో తుసోనెన్సె" అని ఊళ్ళో ఒక బ్యాండు కట్టి, తనే నడిపించి, వాయించేవాళ్ళకి పాఠాలు కూడా చెప్పాడు. పగలు బండి చక్రాలు, సాయంత్రం క్లారినెట్లు. తెనాలి చుట్టుపక్కల పగలు వ్యవసాయం చేసి రాత్రి కిరీటం పెట్టుకున్నవాళ్ళ కథలు వింటూ పెరిగిన నాకు ఈయన బాగా తెలిసిన మనిషిలా అనిపించాడు.

ఫెడెరికో పెద్ద కూతురు లూయిసా, 1892లో పుట్టింది. లూయిసా ఎస్పినెల్ అనే పేరుతో స్టేజి మీద స్పెయిన్, మెక్సికోల జానపద గీతాలు ఆయా వేషాలేసుకుని పాడేది. 1935లో మార్లిన్ డీట్రిచ్ సినిమాలో చిన్న వేషం కూడా వేసింది. వాళ్ళ నాన్న పాడగా విన్న పాటలన్నీ పోగేసి, స్వరాలతో సహా 1946లో ఒక చిన్న పుస్తకం చేసింది. అరిజోనా విశ్వవిద్యాలయం దాన్ని అచ్చేసింది. ఆ పుస్తకం పేరే "కాన్సియోనెస్ దె మి పాద్రె". సరిగ్గా అదే ఏడాది జులైలో లిండా పుట్టింది. అంటే 1987 ఆల్బమ్‌కి ఆ పేరు మేనత్త పుస్తకం నుంచి వచ్చిందన్నమాట. పేరొకటే గానీ అందులోని నాన్న వేరు, ఇందులోని నాన్న వేరు. నాకైతే ఇంత కథలోనూ ఎక్కువ నచ్చింది ఇదే. "మా నాన్న పాటలు" అన్న పేరు కూడా ఆస్తిలాగా ఒక తరం నుంచి ఇంకో తరానికి చేతులు మారింది.

లిండా నాన్న గిల్బర్ట్. హార్డ్‌వేర్ కొట్టు ఆయనే చూసుకునేవాడు. మంచి బారిటోన్ గొంతు. కుర్రతనంలో ఊళ్ళో కచేరీలు కూడా ఇచ్చాడు. అమ్మ రూత్ మాత్రం మిషిగన్ నుంచి వచ్చింది, స్పానిష్ ఇంట్లో పుట్టిన మనిషి కాదు. (అన్నట్టు, ఆవిడ తండ్రి లాయిడ్ కోప్‌మన్ పెద్ద ఆవిష్కర్త. ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు వంచి తీసుకునే రబ్బరు ట్రే ఆయన బుర్రలోంచి పుట్టిందే.) అలా ఇంట్లో మాటలన్నీ ఇంగ్లీషులోనే. రాత్రి భోజనాలయ్యాక నాన్న గిటారు తీస్తే అప్పుడు స్పానిష్. చిన్నప్పుడు తను ఇంగ్లీషు మాట్లాడ్డానికీ, స్పానిష్ పాడ్డానికీ ఉన్న భాషలనుకునేదాన్నని లిండా చెప్పుకుంది. పిల్ల బుర్రకి అంతకన్నా సరైన లెక్క ఏముంటుంది? ఇంట్లో జరుగుతున్నది అదేగా.

ఇంటి బయట పరిస్థితి ఇంత అందంగా లేదు. అరిజోనాలో బళ్ళలో స్పానిష్ మాట్లాడే పిల్లల్ని దండించడం దశాబ్దాల పాటు మామూలు విషయం. ఇంగ్లీషు రాని పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి, అది వచ్చేదాకా పై తరగతికి పోనిచ్చేవారు కాదు. మా ట్రక్కు పెద్దాయన తల్లి ఆ కాలపు మనిషే.

1960ల మధ్యలో లిండా లాస్ ఏంజిల్స్ వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి 1970ల చివరిదాకా కథ అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా దాటేస్తాను. 1971లో ఆవిడ వెనక వాయించిన కుర్రాళ్ళే తర్వాత ఈగిల్స్ అయ్యారు. 1974లో "హార్ట్ లైక్ ఎ వీల్", 1977లో "సింపుల్ డ్రీమ్స్", స్టేడియాలు నిండిపోయే కచేరీలు, పత్రికల ముఖచిత్రాలు. ఆ రోజుల్లో అమెరికాలో రాక్ పాడే ఆడవాళ్ళలో ఆవిణ్ణి మించిన తార లేదు. ఆ హడావుడిలోనూ చిన్న చిన్న జాడలు కనిపిస్తాయి. 1976 ఆల్బమ్‌లో "లో సియెంతో మి విదా" అని ఒక పాటుంది. అది రాసినవాళ్ళలో ఆవిడా ఉంది, వాళ్ళ నాన్నా ఉన్నాడు. తన పెద్ద హిట్ "బ్లూ బయూ"ని స్పానిష్‌లో మళ్ళీ పాడింది కూడా. పూర్తి స్పానిష్ ఆల్బమ్ చేస్తానని ఆవిడ ముందునుంచీ అడుగుతూనే ఉందిట, రికార్డు కంపెనీవాళ్ళు వద్దంటూ వచ్చారు. వాళ్ళ బాధ వాళ్ళది. ఎవరు కొంటారు? రాక్ వినేవాళ్ళకి అర్థం కాదు, మెక్సికన్ సంగీతం వినేవాళ్ళకి సొంత గాయనులు బోలెడంతమంది ఉన్నారు.

ఆవిడ ఈలోగా ఇంకో వింత పని చేసింది. 1983లో నెల్సన్ రిడిల్ వాద్యబృందంతో తన ముందు తరం పాత పాటలు పాడింది. అదీ మునిగిపోతుందన్నారు. లక్షల్లో అమ్ముడైంది. రిడిల్ 1985లో పోయేదాకా ఆయనతో పనిచేసి మూడు ఆల్బమ్‌లు చేసింది. ఆ తర్వాత ఆవిడకి ఎదురుచెప్పే ధైర్యం కంపెనీలో ఎవరికి మిగిలుంటుంది? ఏమాటకామాటే చెప్పుకోవాలి, డబ్బు తెచ్చిపెట్టినవాళ్ళకే ఇలాంటి సరదాలు చెల్లుతాయి. మొదటి ఆల్బమ్‌గా ఇది చేస్తానంటే తలుపు దగ్గరే ఆపేసేవాళ్ళు.

మరియాచి అంటే మనకి హోటళ్ళలో టేబులు చుట్టూ చేరి పాడే పెద్ద టోపీల బృందమే గుర్తొస్తుంది. నేనూ అంతే అనుకునేవాణ్ణి. అది మెక్సికో పడమటి పల్లెల సంగీతం. వయొలిన్లు, చిన్న గిటారులాంటి విహుయేలా, పెద్ద పొట్టతో ఉండి మంద్రం వాయించే గితార్రోన్. ట్రంపెట్లు స్థిరపడింది 20వ శతాబ్దంలో, రేడియో రోజుల్లో. ఆ బృందాల్లో అందరికన్నా పేరున్నది మరియాచి వర్గాస్ దె తెకాలిత్లాన్, 1890ల చివర్లో మొదలైంది. 1940ల నుంచి దానికి బాణీలు కూర్చినవాడు రూబెన్ ఫ్వెంతెస్. ఈ రోజు మనం మరియాచి అనుకుంటున్న ఆ తళుకు, ఆ పెద్ద నగరపు శబ్దం సగం ఆయన చేతి పనే. లిండా ఏకంగా ఆయన్నే పిలిచింది. ఆవిడ పాత నిర్మాత పీటర్ ఆషర్, ఫ్వెంతెస్ కలిసి ఆల్బమ్ చేశారు. వర్గాస్‌తో పాటు లాస్ ఏంజిల్స్‌లోని నాతి కానో బృందం లోస్ కాంపెరోస్ లాంటివాళ్ళు కూడా వాయించారు.

ఆ స్టూడియోని ఒక్కసారి ఊహించుకోండి. ఆషర్ ఇంగ్లండువాడు, మరియాచి ఆయన ప్రపంచం కాదు. ఫ్వెంతెస్ మరియాచీని ఆధునికం చేసిన మనిషి. లిండాకేమో చిన్నప్పుడు నాన్న గిటారు మీద విన్న, పాత 78 రికార్డుల్లో విన్న పల్లెటూరి వరస కావాలి. అది కావాలని గట్టిగా వాదించేంత స్పానిష్ ఆవిడ దగ్గర లేదు. నలభై ఏళ్ళ వయసు, ఇరవయ్యేళ్ళ కీర్తి, గదినిండా మహా విద్వాంసులు. ఆ గదిలో అందరికన్నా తక్కువ తెలిసిన మనిషి తనే. నేను కొత్త క్లయింటు దగ్గర మొదటి వారం పడే అవస్థని ఓ వెయ్యితో గుణిస్తే అంత వస్తుందేమో.

పాటలు కూడా తేలికైనవి ఎంచుకోలేదు. రాంచెరాలున్నాయి, కొర్రీదో ఉంది, హువాపాంగోలున్నాయి. హువాపాంగో నడక తమాషాగా ఉంటుంది. ఒకే ఆరు మాత్రలు ఒకసారి రెండు మూళ్ళుగా విరుగుతాయి, ఇంకోసారి మూడు రెళ్ళుగా విరుగుతాయి. వాద్యాలు ఒకలా లెక్కపెడుతుంటే గొంతు ఇంకోలా పోతుంటుంది. దాని మీద ఆ గొంతు విరుపు. నిండు గొంతు నుంచి సన్న గొంతులోకి దూకి, అక్కడ పట్టుకుని వేలాడాలి. ఆవిడ ఆరాధించిన లోలా బెల్త్రాన్ లాంటివాళ్ళు ఇందులో పండిపోయినవాళ్ళు. రాక్ పాడిన గొంతుతో అక్కడికి వెళ్ళడమంటే మళ్ళీ ఒకటో తరగతిలో చేరడమే. నన్ను ట్రక్కులో కట్టిపడేసింది "రోగాసియానో ఎల్ హువాపాంగెరో" అనే పాట. పాటగాడొకడు పోతే ఊరు ఏడవడం గురించిన పాటని తర్వాత తెలిసింది. తెలియకముందు కూడా ఎవరో పోయారని మాత్రం అర్థమైంది.

ఇక ఆ కాలం సంగతి. 1986 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు 73 శాతం మెజారిటీతో ఇంగ్లీషుని రాష్ట్ర అధికార భాషగా ప్రకటించారు. 1988 నవంబరులో లిండా సొంత రాష్ట్రం అరిజోనా ఇంకా కఠినమైన చట్టాన్ని బొటాబొటీగా, 51 శాతం కూడా రాకుండానే, గెలిపించుకుంది. (దాన్ని 1998లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. 2006లో ఇంకో రూపంలో మళ్ళీ ఓటేసి తెచ్చుకున్నారు.) సరిగ్గా ఈ రెండు ఓటింగుల మధ్య వచ్చింది "మా నాన్న పాటలు". అదే 1987 ఆగస్టులో లోస్ లోబోస్ పాడిన "లా బాంబా" నంబర్ వన్ అయింది. పూర్తిగా స్పానిష్‌లో ఉన్న పాట. అంతకుముందు 1958లో దాన్ని రాక్ పాటగా మార్చిన రిచీ వాలెన్స్‌కి కూడా స్పానిష్ సరిగ్గా రాదు, బట్టీపట్టే పాడాడు. ఓటు పెట్టెలో భాష వద్దన్నారు, పాటల కొట్లో డబ్బిచ్చి కొనుక్కున్నారు. ఇద్దరూ ఒకే మనుషులు కాకపోవచ్చు. కొంతమందైనా రెండూ చేసుంటారని నా అనుమానం.

1988లో లిండా ఈ పాటలతో ఊరూరా తిరిగింది. బ్రాడ్వే మీద కూడా పాడింది. జడలు వేసుకుని, మెక్సికన్ దుస్తుల్లో, పక్కన నాట్యకారులతో. ఆ కచేరీలకి కుటుంబాలు కుటుంబాలుగా వచ్చేవారని, అమ్మమ్మలు మనవల్ని వెంటబెట్టుకొచ్చేవారని ఆవిడ గుర్తుచేసుకుంది. 1989లో దీనికి గ్రామీ వచ్చింది, టీవీలో వేసిన ప్రదర్శనకి ఎమ్మీ వచ్చింది. 1991లో "మాస్ కాన్సియోనెస్", 1992లో "ఫ్రెనెసీ" వచ్చాయి, వాటికీ గ్రామీలొచ్చాయి. గిల్బర్ట్ 1995 దాకా బతికే ఉన్నాడు. ఇవన్నీ చూశాడు. తన పాటల పేరుతో కూతురు పెట్టిన ఆల్బమ్ తను బతికుండగా వినడం ఎంతమంది నాన్నలకి దొరుకుతుంది?

విమర్శ లేకపోలేదు. జర్మన్ పేరు పెట్టుకుని మెక్సికన్ వేషమేమిటని కొందరనుకున్నారు. ఆవిడ కుటుంబ చరిత్ర తెలియక అలా అనుకున్నవాళ్ళే ఎక్కువ. నిజానికి ఆవిడ ఎప్పుడూ దాచలేదు, అడిగినవాళ్ళే లేరు. తర్వాత్తర్వాత ఇది మామూలైపోయింది. టెక్సస్ పిల్ల సెలీనా కూడా ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుతూ పెరిగింది. తండ్రి దగ్గరుండి స్పానిష్ పాటలు నేర్పించాడు. 2000లో క్రిస్టీనా అగిలేరా "మి రెఫ్లెహో" చేసింది. ఆవిడ తండ్రిది ఈక్వడార్, ఆవిడకీ భాష అంతంతమాత్రమే. అప్పటికి కంపెనీలే ముందుకొచ్చి చేయించాయి, స్పానిష్‌కి మార్కెట్టు ఉందని తెలిసిపోయింది కాబట్టి. ఆ ఆల్బమ్‌లో కొన్ని పాటలు ఇంగ్లీషు హిట్లకి స్పానిష్ మాటలు తొడిగినవే. వినడానికి బాగానే ఉంటాయి. కానీ లిండా చేసింది దానికి సరిగ్గా తలకిందులు. ఉన్న పాటని కొత్త భాషలోకి తీసుకెళ్ళలేదు. ఉన్న గొంతుని పాత పాట దగ్గరికి తీసుకెళ్ళి, నువ్వు చెప్పినట్టు వింటానని కూర్చోబెట్టింది. నా లెక్కలో ఇది పెద్ద పని. మొదటిది అనువాదం, రెండోది శుశ్రూష.

ఇప్పుడు నా సంగతి. మా నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. తెనాలి దగ్గర మా ఊళ్ళో నాటకాలేసిన మనిషి కాదు గానీ నాటకాల పద్యాలన్నీ ఆయన నోట్లో ఉంటాయి. తిరుపతి వెంకట కవుల రాయబారం పద్యాలైతే స్నానం చేస్తూ మొదలుపెడితే కాఫీ చల్లారేదాకా. నేనవి వింటూ పెరిగాను, ఒక్కటీ నేర్చుకోలేదు. మా అమ్మాయికి ఏడేళ్ళు, ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది (ట్రక్కు పెద్దాయన నవ్వు ఎక్కడ తగిలిందో ఇప్పుడు చెప్పక్కర్లేదుగా). శనివారాలు వీడియో కాల్‌లో నాన్న దానికి పద్యం పాడి వినిపించేవారు. అది మాటలు వదిలేసి, చివర్లో తీసే రాగం మాత్రం పట్టుకుని, ఊపిరి ఆడనంత పొడుగ్గా లాగి, ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవారు.

ఒక శనివారం నేను పక్కనుంచి అన్నాను. "దానికి ఒక్క ముక్క అర్థం కాదు నాన్నా, ఎందుకు మీకు శ్రమ? కథలు చెప్పండి, కాస్త భాషైనా వస్తుంది." విసుక్కోలేదు, మంచి మాటే చెప్తున్నాననుకున్నాను. "అదీ నిజమేలే" అన్నారు. ఆ తర్వాత పద్యం ఎత్తలేదు. కథలే చెప్తున్నారు. మా అమ్మాయి ఓపిగ్గా "ఊ" కొడుతుంది, మధ్యలో లేచి వెళ్ళిపోతుంది.

అసలు ఆ పద్యాలు నాకు మాత్రం ఎంత అర్థమయ్యాయి? ఆ పొడుగు సమాసాలు విడగొట్టమంటే ఇప్పటికీ నీళ్ళు నమలాల్సిందే. పందిళ్ళలో తెల్లవార్లూ కూర్చుని "వన్స్ మోర్" కొట్టినవాళ్ళలో సగంమందికి బడి మొహం తెలియదు. వాళ్ళకి ఆ పద్యాలు కంఠతా వచ్చు. ముందు అర్థం, తర్వాత పాట అనే వరస ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఏ స్కూల్లో అంటించుకున్నానో తెలియదు.

లిండా 2009లో కచేరీలు ఆపేసింది. 2013లో పార్కిన్సన్స్ అని ప్రకటించింది. తర్వాత అది పార్కిన్సన్స్ కాదు, దాని లాంటిదే ఇంకో అరుదైన జబ్బని తేల్చారు. గొంతు ఉంది గానీ చెప్పినట్టు వినదు. 2019లో వచ్చిన "ద సౌండ్ ఆఫ్ మై వాయిస్" డాక్యుమెంటరీ చివర్లో ఒక సన్నివేశముంది. ఇంట్లో సోఫా మీద ఆవిడ, పక్కన గిటారుతో మేనల్లుడు, ఇంకో బంధువు. ముగ్గురూ కలిసి ఒక పాత మెక్సికన్ పాట పాడతారు. ఆవిడ గొంతు వాళ్ళ గొంతుల మధ్యలో సన్నగా, జాగ్రత్తగా కదులుతుంది. ఇది పాడటం కిందకి రాదని ఆవిడే అంటుంది. స్టేడియాలు నింపిన ఇంగ్లీషు పాటలేవీ అక్కడ లేవు. ఆ సోఫా మీద మిగిలింది స్పానిష్ పాటే.

నిన్న కార్లో ఆ ఆల్బమ్ పెడితే వెనక సీట్లోంచి మా అమ్మాయి రోగాసియానో పాటలో గొంతు విరిగే చోటు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. అచ్చం వాళ్ళ తాతతో కలిసి రాగం తీసినట్టే. "తాత సాంగ్ లా ఉంది" అంది. అందులో తెలుగు రెండు మాటలు, ఇంగ్లీషు ఒకటి.

ఇది రాస్తుంటే ఇక్కడ శనివారం మధ్యాహ్నం మూడున్నరైంది. అంటే అక్కడ ఆదివారం తెల్లవారుజాము నాలుగు. నాన్న ఆరింటికి లేస్తారు. ఐదున్నరకి ఫోన్ చెయ్యాలి. పద్యం మళ్ళీ పాడమని ఎలా అడగాలో ఇంకా తేల్చుకోలేదు. ఫోన్ మా అమ్మాయి చేతికే ఇచ్చేస్తే సరిపోతుందేమో.